తెల్లది, బూడిదది, బుడాన్ కాటా

"ఈ జిల్లా ఇకమీదట మిరపకాయతో కాదు, కుందేలుతో పేరు తెచ్చుకుంటుంది" అని మా బి.డి.ఓ. త్యాగరాజుగారు 1964 జూన్‌లో ప్రకటించారు. వచ్చినవాళ్ళు పదకొండుమందీ ఆఫీసువాళ్ళే కాబట్టి చప్పట్లు బాగా మోగాయి.

పథకం గొప్పది. మంత్రిగారు పరదేశం నుంచి స్వయంగా తెప్పించిన తెల్లజాతి పన్నెండు, మద్రాసులో కొన్న బూడిదరంగు జాతి పన్నెండు. ఒకే వయసు, ఒకే మేత. నెలనెలా తూచి ఏది బాగా ఎదుగుతుందో తేల్చాలి. బరువులు రాయడం నా పని. నేను ఎవరితోనూ ఎక్కువ మాట్లాడను కాబట్టి దానికి తగినవాణ్ణన్నారు.

తూచడానికి బుడాన్‌ని పెట్టారు. గుంటూరు మిరపకాయల కొట్లలో ఇరవై ఏళ్ళు కాటా పట్టిన చెయ్యి. కొట్లలో పని ఏడాదికి నాలుగు నెలలే. ఇంట్లో ఐదుగురు పిల్లలకి ఆకలి మాత్రం పన్నెండు నెలలూ వేస్తుంది.

"తెల్లది గెలిస్తే నీ ఉద్యోగం పర్మనెంటు. ఓడితే మళ్ళీ ఈ గేటు తొక్కకు" అన్నారు త్యాగరాజుగారు బుడాన్‌తో. "మంత్రిగారి కుందేలు ఓడితే బాగుండదు కదా" అని నాకు సైన్సు కూడా వివరించారు.

బుడాన్ మొదటి తెల్లదాన్ని గోతంలో వేసి కాటాకి తగిలించాడు.

"కిలోన్నర. తరుగు కిలో ముప్పావు. రాయండి."

"తరుగేమిటి?"

"గోతానికి కిలో, తేమకి అర, తొడిమకి పావు."

"కుందేలుకి తొడిమెక్కడిదయ్యా?"

"చెవులున్నాయి కదండీ!"

ఇరవై ఏళ్ళ అలవాటు మాట్లాడుతున్నప్పుడు మనిషికి మన మాట వినపడదు. సున్నాకి పావుకిలో తక్కువ అని రాశాను. పన్నెండూ అంతే. బూడిదవాటి దగ్గరకొచ్చేసరికి త్యాగరాజుగారు వచ్చి, కుందేలుకి తరుగేమిటని ఆపించారు. అవి తలా కిలోన్నర తూగాయి.

ఆయన నా పుస్తకం చూశారు. భయపడ్డవాడు ముందు కోప్పడతాడు, తరవాత ఆలోచిస్తాడు. ఆయన కోపాన్ని దాటేసి సూటిగా ఆలోచనలోకి వెళ్ళారు. అందుకే ఆయన బి.డి.ఓ., నేను గుమాస్తా.

"తప్పు పడిందండీ, కొట్టేయనా?" అన్నాను.

"ఛ! బంగారంలాంటి అంకె, కొట్టేస్తావా? ఒరేయ్ బుడాన్, వచ్చే నెల తెల్లవాటికి తరుగు ఎత్తెయ్. బూడిదవాటికి వెయ్."

"చిత్తమండీ."

మరుసటి నెలకి మన ఎండ పడక తెల్లవి తులం కూడా పెరగలేదు. అదే కిలోన్నర. బూడిదవి రెండు కిలోలకొచ్చాయి. తరుగు పోగా పావుకిలో. రిపోర్టు వెళ్ళింది: తెల్లజాతి ఒక్క నెలలో కిలో ముప్పావు పెరిగింది, బూడిదజాతి కిలోంపావు తగ్గింది. ఈ వేగాన ఇంకో రెండు నెలలకి, అంటే మంత్రిగారు వచ్చేనాటికి, తెల్లది ఐదు కిలోలు. కరపత్రాలు అచ్చయ్యాయి.

మంత్రిగారు వచ్చారు. రాజకీయాల్లోకి రాకముందు ఆయనది మిరపకాయల కమిషన్ వ్యాపారం.

"కాగితాలొద్దు. నా కళ్ళముందు తూచండి" అన్నారు.

త్యాగరాజుగారి పెదవుల మీద నవ్వు ఉంది గాని మిగతా మొహం దాన్ని వదిలేసి వెళ్ళిపోయింది. బుడాన్ తెల్లదాన్ని గోతంలో వేసి కాటాకి తగిలించాడు. ముల్లు వైపు చూశాడు. గేటు వైపు చూశాడు. భుజం మీది తువ్వాలు తీసి కుడిచేతి మీద కప్పి, ఆ చేతిని మంత్రిగారి ముందుకి చాపాడు.

మా వైపు మిరపకాయల ధర నోటితో చెప్పరు. గుడ్డ కింద వేళ్ళు పట్టుకుని తేల్చుకుంటారు. పక్కవాడికి తెలియకూడదు.

మంత్రిగారి చెయ్యి తనంతట తనే గుడ్డ కిందికి వెళ్ళింది. తువ్వాలు కదిలింది.

"అబ్బే, మరీ ఎక్కువ" అన్నారు మంత్రిగారు.

"పిల్లలు గలవాణ్ణండీ."

తువ్వాలు ఇంకోసారి కదిలింది. మంత్రిగారు చెయ్యి తీసుకుని మైకు అందుకున్నారు.

"ఐదు కిలోలు! ఇలాంటి నిజాయితీపరుణ్ణి టెంపరరీగా ఉంచడం ప్రభుత్వానికే అవమానం. ఇవాళ్టి నుంచి పర్మనెంటు!"

చప్పట్లు. బుడాన్ తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. నేను కాటా వైపు చూశాను. గోతం అడుగున చిరుగు ఉంది. తెల్లది ఎప్పుడు జారిందో, వేదిక కింద కూర్చుని దండలోంచి రాలిన బంతిపూలు తింటోంది.

"రాసుకో, ఐదు" అన్నారు త్యాగరాజుగారు నా చెవిలో.

"దేనికండీ?"

"ముందు రాయవయ్యా!"

రాశాను.