కనురెప్ప మీద టచప్

చర్మవైద్యులారా, మీ బోర్డులు దించేసుకోండి. మీ రోజులు అయిపోయాయి. మీరు నెలల తరబడి మందులిచ్చినా తగ్గని మచ్చని మా బావ టీ చల్లారేలోపు మాయం చేస్తాడు. నొప్పి లేదు. పథ్యం లేదు. పేషెంటు రావలసిన పని కూడా లేదు, ఫోటో ఉంటే చాలు!

మా బావది ఫోటో స్టూడియో. ఆ వైద్యం పేరు టచప్. అది మానవజాతికి దొరికిన వరమని నేనంటాను. కాదనేవాళ్లు ఒకసారి తమ పెళ్లి ఆల్బమ్ తీసి చూసుకోండి. అందులో ఉన్నది నిజంగా మీరేనా?

ఆ స్టూడియో చూసి తీరాలి. ముందు గదిలో గొడుగు లైట్లు, ఎత్తు స్టూలు, దారానికి దువ్వెన వేలాడే అద్దం. వెనక గదిలో కంప్యూటరు. ముందు గదిలో కూర్చున్న మనిషి వెనక గదిలోంచి బయటికొచ్చేసరికి కళ్ల కింద నలుపు పోతుంది, మొటిమలు రాలిపోతాయి, డబుల్ చిన్ సింగిల్ అవుతుంది. ఒక పెద్దాయన పాస్‌పోర్ట్ ఫోటో ఎంత బాగా వచ్చిందంటే, ఆఫీసులో గుమస్తా అది చూసి, "మీ అబ్బాయి రాలేదేం?" అని అడిగాడట.

"మచ్చ ఉన్న మొహం మన షాపు గడప దాటకూడదు" అనేది బావ నియమం. ఇంత గట్టి నియమం ఏ ఆస్పత్రికైనా ఉందా?

అటువంటి ఇంట్లో మా మేనకోడలు పుట్టింది. పుట్టిన కొన్ని వారాలకి ఎడమ కంటిరెప్ప మీద ఎర్రటి చుక్క లేచింది. చుక్క కాస్తా దానిమ్మ గింజంత అయింది. దాంతో బంధువర్గమంతా వైద్యవర్గమైపోయింది. మేనత్త, అంటే బావ వాళ్లక్క, మా అక్క కడుపుతో ఉన్నప్పుడు ఏమేం తిన్నదో ఆరా తీసింది. ఒక బాబాయి అప్పుడు అక్క ఏం చూసి జడుసుకుందో అడిగాడు. పక్కింటావిడ పిల్లని ఎత్తుకుని, మొహం రెండోవైపు తిప్పి, "ఇటునుంచి ఎంత ముద్దుగా ఉందో" అంది.

అక్క వీళ్లెవరినీ లెక్కచేయలేదు. పిల్లని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. బావతో పాటు నేనూ వెళ్లాను.

"నావల్ల ఏదైనా పొరపాటు జరిగిందా డాక్టర్?" అని అక్క అడిగింది.

"మీవల్ల కాదమ్మా, ఎవరివల్లా కాదు. సన్నటి రక్తనాళాలు ఒకచోట గుంపుగా పెరిగాయి, అంతే. ఇలాంటివి మొదటి నెలల్లో పెరుగుతాయి, తర్వాత కొన్నేళ్లకి వాటంతటవే తగ్గుతాయి. వీపు మీదుంటే ఊరికే చూస్తూ ఉండమనేదాన్ని. కానీ ఇది రెప్ప మీదుంది. లావెక్కి రెప్పని వాల్చేసిందనుకోండి, ఆ కన్ను చూడ్డం నేర్చుకోదు. కన్ను నేర్చుకునే వయసు ఇదే. రోజూ చూసేవాళ్లకి తేడా తెలియదు కాబట్టి వారానికో ఫోటో తీసి పంపండి. అదే చోట, అదే వెలుతురులో. పెరుగుతుంటే వెంటనే మందు మొదలుపెడదాం."

ఫోటోనా? లోకంలో ఇంకే తండ్రికైనా ఇంత సులువైన పని అప్పగించారా?

"ఆ సంగతి నాకొదిలేయండి మేడమ్," అన్నాడు బావ.

వదిలేశారు. ప్రతి వారమూ గొడుగు లైట్లు వెలిగించి, పెద్ద కెమెరాతో ఫోటో తీసి, వెనక గదిలోకి వెళ్లాడు. మచ్చ చెరిపేశాడనుకుంటున్నారా? ఛ, అంత పని చేస్తాడా! కాస్త ఎరుపు తగ్గించాడు, పిల్ల మొహం చూడ్డానికి బాగుండాలిగా. మరుసటి వారం మచ్చ ఇంకాస్త పెరిగింది. ఆయనా ఇంకాస్త తగ్గించాడు. ఆ తర్వాత అంచులు కూడా సర్దాడు.

టచప్ మహిమ చూడండి. పిల్ల రెప్ప మీద మచ్చ పెరుగుతుంటే ఫోటోల్లో తరుగుతూ వచ్చింది. "తగ్గుతోంది, అలాగే గమనిస్తూ ఉండండి" అని డాక్టరమ్మ మెసేజ్ పెట్టింది. ఫ్యామిలీ గ్రూపులో చప్పట్ల బొమ్మలు కురిశాయి. తను చెప్పిన లేపనమే పనిచేసిందని మేనత్త ప్రకటించింది. ఆ లేపనం ఎవరూ రాయలేదు. ఇక ఆ ఫోటోలు చూసి మచ్చ తగ్గుతోందని అందరికంటే గట్టిగా నమ్మింది ఎవరో తెలుసా? వాటిని తయారుచేసిన మా బావే.

నమ్మనిది అక్క ఒక్కతే. "ఉబ్బినట్టుందండీ, ఒకసారి చూడండి" అనేది. "నీకన్నీ అనుమానాలే" అంటూ బావ ఆమెని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, పాత ఫోటో, కొత్త ఫోటో పక్కపక్కన పెట్టి చూపించేవాడు. ఒళ్లో పిల్ల, ఎదురుగా ఫోటో. దేన్ని నమ్మాలి? ఫోటో పెద్దది, పైగా లైటింగ్ బాగుంది.

ఒక ఉదయం పిల్ల నిద్ర లేచి కుడికన్ను తెరిచింది. ఎడమది సగమే తెరుచుకుంది. అక్క ఆ కుడికన్నుని అరచేత్తో మూసి, మొహం ముందు ఎర్రబంతి అటూ ఇటూ ఆడించింది. పిల్ల చూపు బంతి వెంట వెళ్లలేదు. చేతిని తోసేస్తూ ఏడ్చింది. అక్క చెప్పులేసుకుని, పిల్లని ఎత్తుకుని బయల్దేరింది. వాకిట్లో ఉన్న బావా నేనూ వెనకే పరిగెత్తాం.

డాక్టరమ్మ పిల్ల కంట్లోకి లైటు వేసి చూసింది. తన ఫోన్ తీసి మేం పంపిన ఫోటోలు చూసింది. మళ్లీ పిల్లని చూసింది.

"ఈ ఫోటోల్లో పాప ఎవరండీ?"

"మా పాపేనండి," అన్నాడు బావ. పిల్ల రెప్ప వైపు చూసి, "రంగు కాస్త తగ్గించానంతేనండి," అన్నాడు.

ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "మందు ఎప్పుడో మొదలుపెట్టాల్సింది" అని మాత్రం అని, కంటి డాక్టరుకి ఫోన్ చేసింది. బావ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. వెక్కిరింతలు రాసుకుని బతికే నాకు ఆ గదిలో ఒక్క చమత్కారమూ తట్టలేదు. భయమేసింది.

ఇప్పుడు మందు పనిచేస్తోంది, రెప్ప నెమ్మదిగా లేస్తోంది. బాగున్న కంటికి రోజూ కాసేపు పట్టీ వేసి, వెనకబడ్డ కంటికి పాఠాలు చెప్పిస్తున్నారు. చూపు ఎంతవరకు వస్తుందో ఇప్పుడే చెప్పలేమంటున్నారు. మచ్చ పూర్తిగా పోవడానికి మాత్రం ఏళ్లు పడుతుందట. ఫోటోలు అక్కే తీస్తోంది, గీతలు పడ్డ తన ఫోన్‌తో, కిటికీ పక్కన. అప్పుడు బావని ఆ గదిలోకి రానివ్వదు.

అయితే తప్పంతా బావదేనా? మొన్న అక్క ఆ ఫోటోల్లో ఒకటి ఫ్యామిలీ గ్రూపులో పెట్టింది. చప్పట్లు లేవు. చాలాసేపటికి మేనత్త ఒక్కతే రాసింది: "ఫోటో బాగుందమ్మా. తమ్ముడు ఊళ్లో లేడా?"

అందుకే టచప్ వరమని ఇప్పటికీ అంటాను. అది లేకపోతే మన మొహాలు మనం ఎలా భరిస్తాం? ఈ కాలమ్ పైన వచ్చే నా ఫోటోనే తీసుకోండి. బుగ్గ మీద నల్లమచ్చ, నుదుటి మీద ముడతలు, ముందు బట్టతల, ఇవేవీ బావ చలవ వల్ల మీరెన్నడూ చూసి ఎరగరు. ఈ వారం అసలుది పంపాను. వెంటనే ఎడిటర్ గారు ఫోన్ చేశారు. "పాఠకులు జడుసుకుంటారండీ, పాతదే వేసేద్దాం" అన్నారు.

"అలవాటు పడనివ్వండి సార్," అన్నాను. "ఇంకో రెండు మూడేళ్లలో మా మేనకోడలు బడికి వెళ్లాలి."