మామగారికి అచ్చొచ్చిన బిట్టు

రెండో శనివారం పొద్దున డేవిడ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. టీ తాగి పెరట్లోని రేకుల షెడ్డులోకి పోవాలి. వారం రోజులుగా నునుపు చేస్తున్న టేకు షెల్ఫుకు నాలుగు రంధ్రాలు వేయాలి. మధ్యాహ్నం మామగారు తాండూరు నుంచి భోజనానికి వచ్చేసరికి దాన్ని వంటింటి గోడకు తగిలించి, తనకేమీ తెలియనట్టు పక్కన నిలబడాలి. ఆ నిలబడటాన్ని అద్దం ముందు సాధన చేస్తుంటే భార్య మార్త చూసి, చూడనట్టే ఊరుకుంది.

డేవిడ్ వికారాబాద్‌లో బస్సు కండక్టరు. మార్త మర్పల్లి ఆసుపత్రిలో నర్సు. భర్త మీద ఆమెకున్న గౌరవంలో సగం ఆ రేకుల షెడ్డు సంపాదించిపెట్టిందే. రోజంతా కిక్కిరిసిన బస్సులో చిల్లర కోసం నానా మాటలూ పడి వచ్చిన మనిషి, చెక్క ముందు కూర్చుంటే చల్లబడిపోయేవాడు. ఎవరైనా విరిగిన కుర్చీ తెచ్చిస్తే, ఆ కుర్చీ నిలబడేదాకా తను కూర్చునేవాడు కాదు. ఇంత ఓపిక దేవుడు ఒక్క మనిషికే ఎందుకిచ్చాడా అని మార్త చాలాసార్లు ముచ్చటపడింది.

ఆ ముచ్చట ఆమె తండ్రి నర్సప్పకు లేదు. తాండూరులో నీలం బండలు పాలిష్ చేసే యూనిట్లో ముప్పై ఏళ్ళు మేస్త్రీగా బతికినవాడు ఆయన. టికెట్లు చింపే చేతులకు పనిముట్లు లొంగవని ఆయన నమ్మకం. తన పెట్టెలోని స్క్రూడ్రైవరు సొంత తమ్ముడికి కూడా అరువివ్వడు. అలాంటివాడు పోయిన క్రిస్మస్‌కు, చుట్టాలందరి ముందు తన డ్రిల్లు మిషను తెచ్చి అల్లుడి చేతిలో పెట్టాడు.

"ఉంచుకో అల్లుడా. నీకే పనికొస్తది. గా బిట్టు జోలికి మాత్రం పోకు. అది నాకు అచ్చొచ్చిన బిట్టు" అన్నాడు.

డేవిడ్‌కు కళ్ళనీళ్ళు తిరిగాయి. పెళ్ళయి ఆరేళ్ళయినా తను అల్లుడైంది ఆ రోజేనని అతను మార్తతో అన్నాడు. మామగారి మాటను బైబిలు వాక్యంలా పాటించాడు కూడా. అది బండలకు రంధ్రాలు వేసే లావు బిట్టు. అయినా సన్న మేకుకూ అదే, పెద్ద బోల్టుకూ అదే. ఇంట్లో బొటనవేలు పట్టేంత రంధ్రాల్లో అగ్గిపుల్లలు కుక్కి స్క్రూలు బిగించాడు. క్యాలెండరు కూడా అలాంటి రంధ్రం మీదే వేలాడుతోంది. కానీ టేకు పలక అంత లావు బిట్టును ఓర్చుకోదు. అందుకని ఆ పొద్దున మనసులోనే మామగారికి దండం పెట్టుకుని, "ఒక్క గంటకే గద, సన్నది వెట్టి మళ్ల దీన్నే వెడ్త" అనుకుంటూ చక్‌ను తిప్పాడు.

చక్ అంటే బిట్టును కరిచిపట్టుకునే మిషను మూతి. కీ అక్కర్లేకుండా వెనక రింగును ఒక చేత్తో పట్టుకుని, ముందు రింగును ఇంకో చేత్తో తిప్పితే వదిలేయాలి. ఇది వదల్లేదు. గుడ్డ చుట్టి తిప్పాడు, మోకాళ్ళ మధ్య ఇరికించి తిప్పాడు, పళ్ళు బిగపట్టి తిప్పాడు. ఉడుంపట్టు పట్టింది.

"మార్తా!" అని పిలిచిన గొంతు విని, చెయ్యి తెగిందేమోనని ఆమె దూదితో పరుగెత్తింది. "చెయ్యి గాదు. మీ నాయిన డ్రిల్లు. నేను ఖరాబు జేసిన" అన్నాడు డేవిడ్, మొహం కత్తివాటుకు నెత్తురు చుక్క లేకుండా.

ఈ మాట గోడ అవతల పాండురంగం చెవిన పడింది. ఆయన పొలంలో బోరుమోటార్లు విప్పీ బిగించీ జుట్టు నెరిసిన మనిషి. రెండు పైపు రెంచీలు భుజాన వేసుకుని పిలవకుండానే వచ్చేశాడు. "గింత దానికి పరేషాన్ అయితరా? నువ్వు జరుగు" అన్నాడు. చక్ మీద ఎటు తిప్పాలో చూపే బాణం గుర్తు ఎప్పుడో అరిగిపోయింది. పాండురంగం తనకు తోచినవైపు బలమంతా వేసి తిప్పాడు. కిర్రుమంది.

"వదిలింది!" అని ఆయన అరిచాడు.

వదల్లేదు, ఇంకా బిగిసింది. ఆ ఆనందంలో రెంచీ జారి ఆయన వేలు చితికింది. వేలు చితికిన బాధలో రెంచీ వదిలేస్తే, అది సరిగ్గా షెల్ఫు మీద పడి, వారం రోజుల టేకు పలక ఈ కొస నుంచి ఆ కొసకు చీలింది. పాండురంగం వేలు నోట్లో పెట్టుకుని, రెంచీలు అక్కడే వదిలి, నీళ్ళు తాగొస్తానని వెళ్ళిపోయాడు.

డేవిడ్ పలక వైపు కూడా చూడలేదు. "షెల్ఫు మళ్ల జేస్త. మీ నాయిన నమ్మకం మళ్ల యాడికెల్లి తెస్త?" అన్నాడు. ఆ మాటకు మార్త గుండె కరిగింది. ఏం చేసైనా పొద్దు గుంకేదాకా తండ్రిని రాకుండా ఆపాలనుకుని ఫోను చేసింది.

"నాయినా, మధ్యాహ్నం రాకు. పొద్దుమీకి రా. ఇంట్ల జర పరేషానున్నది."

"ఏం పరేషాన్ బిడ్డా?"

"ఇప్పుడు చెప్పరాదు. నువ్వైతే రాకు" అని పెట్టేసింది. ఆసుపత్రిలో నలుగురికి ధైర్యం చెప్పే మార్తకు, కన్నతండ్రికి అబద్ధం చెప్పడం మాత్రం చేతకాలేదు.

తర్వాత ఆమె నర్సులాగే పనికి దిగింది. టార్చి వేసి, గొంతునొప్పి పిల్లాడి నోరు చూసినట్టు చక్ మూతిలోకి చూసింది. లోపల నీలపు రంగు పొడి పాత గ్రీజుతో కలిసి సిమెంటులా గడ్డకట్టింది. "ఏమయ్యా, మనం బండకు ఎన్నడన్న రంధ్రం జేసినమా?" అంది. "లేదే, అన్ని ఇటుక గోడలే" అన్నాడు డేవిడ్. ఇద్దరూ దాని గురించి ఆలోచించే స్థితిలో లేరు. మార్త లోపలికి పోయి, సిరంజిలో మిషను నూనె ఎక్కించుకుని వచ్చింది.

వంటింటి అరుగు మీద ఆమె వదిలిన ఫోను మోగింది. భర్త వేలికి దూది అడగడానికి వచ్చిన రాధమ్మ, పాండురంగం భార్య, ఎత్తింది. అవతల నర్సప్ప. రాధమ్మ ఒక్క అబద్ధం కూడా ఆడలేదు.

"ఏం జెప్పాలె అన్నా! పొద్దుగాల్నుంచి షెడ్డుల ఒకటే సప్పుడు. మీ అల్లుడు మెతుకు ముట్టలే. మా ఆయన నడుమ వోతే ఏలు చితికింది. మీ బిడ్డ ఇప్పుడే సూది పట్టుకొని లోపటికి వోయింది."

గంట తిరక్కుండా ఇంటి ముందు జీపు ఆగింది. దాంట్లోంచి నర్సప్ప దిగాడు. ఆయన వెనక తాండూరు పాస్టరుగారు దిగారు. ఆ వెనక నర్సప్పతో యూనిట్లో పనిచేసిన భీమయ్య, తలపాగా సర్దుకుంటూ దిగాడు. మొగుడూ పెళ్ళాల పంచాయితీకి పెద్దమనుషులు దిగారని మార్తకు అర్థమయ్యేసరికే వీధిలో నాలుగు ఇళ్ళ తలుపులు తెరుచుకున్నాయి.

కుర్చీలు వేశారు. పాస్టరుగారు చిన్న ప్రార్థన చేసి, గొంతు సవరించుకుని, "తప్పెవరిది?" అని అడిగారు.

"నాదే" అన్నాడు డేవిడ్ వెంటనే.

నర్సప్ప మొహం నల్లబడింది. "ఏం జేసినవ్?"

"చెప్పలేను మామా. పది నిమిషాలు టైమియ్యుండ్రి, సరిజేస్త."

"నువ్వేమంటవ్ బిడ్డా?" అని భీమయ్య మార్త వైపు తిరిగాడు.

"నేను గూడ పోవాలె చిన్నాయినా. ఆయన ఒక్కనితోని గాదు" అంటూ మార్త భర్త వెంట షెడ్డులోకి పోయి తలుపు వేసింది. కొట్టుకునే దంపతులు చేయీ చేయీ కలుపుకుని ఒకే గదిలో దూరడం పాస్టరుగారు తన సేవాకాలంలో చూడలేదు.

నూనె అప్పటికి బాగా లోపలికి దిగింది. డేవిడ్ చెక్క సుత్తితో చక్ చుట్టూ మెల్లగా తట్టాడు. సైకిలు ట్యూబు కోసి రెండు రింగులకూ చుట్టాడు. వెనక రింగుకు వేసిన రెంచీ మార్త పట్టుకుంది. ముందు రెంచీ పట్టుకున్న డేవిడ్ ఉన్నట్టుండి ఆగాడు.

"మార్తా, బస్సు డోరు పట్టేస్తే ఏం జేస్తం? ముందుగాల జర లోపటికి నూకుతం. అటెంక గుంజుతం."

అంటూ బిగిసేవైపే వెంట్రుకవాసి కదిపాడు. ఆ వెంటనే వెనక్కి తిప్పాడు. టక్‌మంది. మూతి తెరుచుకుంది, గుప్పెడు నీలం పొడి రాలింది, బిట్టు మార్త ఒళ్ళో పడింది. మార్తకు ఆ క్షణాన ఆసుపత్రిలో కాన్పు చేసినంత సంతోషం కలిగింది. నూనె మరకల మొహంతో నిలబడ్డ భర్తను చూసి, ఇలాంటి మనిషి తనకు దొరికాడని మనస్ఫూర్తిగా గర్వపడింది.

డేవిడ్ ఒక చేత్తో మిషను, ఇంకో చేత్తో బిట్టు పట్టుకుని పెద్దమనుషుల ముందు నిలబడ్డాడు. "తప్పైంది మామా. వద్దన్న పని జేసిన. బిట్టు మారుద్దామంటే చక్ పట్టేసింది. ఇద్దరం గల్సి ఇప్పుడే ఇడిపిచ్చినం. ఇదే మా కొట్లాట."

భీమయ్య కుర్చీలోంచి లేచాడు. "అరే నర్సప్పా! ఇది గా మిషనే గదనే! యూనిట్ల మనమిద్దరం సమ్మెటతోని గుద్దినా వదలలే గద! నువ్వేమంటివి? ఇగ ఇది అల్లునికి ఇయ్యనీకె పనికొస్తది అంటివి!"

తాండూరులో పుట్టింటి గోడలు మార్త కళ్ళ ముందు నిలిచాయి. గడియారమూ, అద్దమూ, ఆమె బడి ఫోటో, అన్నీ బొటనవేలంత రంధ్రాల్లోనే వేలాడేవి. మేస్త్రీ ఇల్లంటే అలాగే ఉంటుంది కాబోలు అనుకునేది. "నాయినా!" అంది. ఆ ఒక్క పిలుపుకే నర్సప్ప తల వంచాడు.

"పంచాయితీ ఇటు తిరిగింది నర్సప్పా" అన్నారు పాస్టరుగారు మెల్లగా.

నర్సప్ప లేచి వచ్చి చక్‌ను తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు. వెన్నలా తిరుగుతోంది. అల్లుడి నల్లబడ్డ అరచేతులు పట్టుకుని తిప్పి చూశాడు. "ముప్పై ఏండ్లు బండల్ల బతికిన నాతోని గాలే. ఇవి టికెట్ల చేతులు అన్కున్న అల్లుడా. గాదు. ఇవి మేస్త్రీ చేతులు" అన్నాడు.

డేవిడ్ చీలిన షెల్ఫు పక్కకు జరిగి, తనకేమీ తెలియనట్టు నిలబడ్డాడు. అద్దం ముందు కుదిరినంత బాగా కుదరలేదు. మొహమంతా నవ్వే.

భోజనాలు ఘనంగా జరిగాయి. జీపు ఎక్కేముందు నర్సప్ప డ్రిల్లును గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుంటుంటే మార్త చూసింది.

"అదేంది నాయినా? ఆయనకు ఇచ్చినవు గద!"

"నేనిచ్చింది ఖరాబైన మిషను బిడ్డా. ఇది మంచిగున్నది. ఇది నేనిచ్చింది ఎట్లయితది?" అన్నాడు నర్సప్ప.

పెద్దమనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎంత వెతికినా ఆ వాదనలో లోపం దొరకలేదు. జీపు తాండూరు దారి పట్టింది. అచ్చొచ్చిన బిట్టును మాత్రం మామగారు నిండు మనసుతో అల్లుడికే వదిలేశాడు.