అడగని డాక్టరు దొరకడం అదృష్టం

డాక్టరనేవాడు రోగిని ఒక్క ప్రశ్న కూడా అడగకూడదు! అడిగితే రోగి జవాబు చెబుతుంది. చెబితే ఆయన వినాల్సి వస్తుంది. వైద్యానికి ఇంతకన్నా ఆపద ఉంటుందా?

కావాలంటే ఈ బాలింతనే చూడండి. హెచ్.ఐ.వి. ఉంది. మందులు పూట తప్పకుండా మింగుతోంది. రక్తంలో వైరస్ కనిపించడం లేదని రిపోర్టులు వరసగా వస్తున్నాయి. చంటిదానికి తన పాలే ఇవ్వాలని ఆశ. ప్రమాదం బాగా తగ్గిందే గానీ పూర్తిగా పోలేదని ఆమెకూ తెలుసు. అందుకే, ఇస్తే ఏయే జాగ్రత్తలు తీసుకోవాలో కనుక్కుందామని పిల్లల డాక్టరుగారి దగ్గరికి వెళ్ళింది.

ఆయన కేసు షీటు చూశారు. కింద చక్రాలున్న ఆయన కుర్చీ దానంతటదే వెనక్కి బయల్దేరింది. గోడ అడ్డొచ్చింది గానీ, లేకపోతే పక్కవీధి మందుల షాపులో తేలేవారే! గోడ మీద తల్లిపాలను పొగిడే పోస్టరు ఉందా, దాన్ని వీపుతో కప్పేసి, ఆమె వైపు చూడకుండా, ఆమె వెంట వచ్చిన అత్తగారితో అన్నారు:

"డబ్బా పాలు పట్టండమ్మా. ఇంకో మాట లేదు."

ఎంత సుఖం! నోరు తెరిచే పని కూడా తప్పించారు. ఇంటికెళ్ళి ఆమె తన పాలే ఇచ్చుకుంది. ఎవరి కంటా పడకుండా అత్తగారు తలుపు దగ్గర కాపలా కాసింది.

ఇందులో కళాసేవ కూడా ఉందండోయ్! మళ్ళీ చూపించే రోజున అత్తగారు ఆసుపత్రి మెట్ల మీదే నటనలో శిక్షణ ఇచ్చింది.

"సీసా కనపడేట్టు పట్టుకోవే. మొహం కాస్త దిగులుగా పెట్టు, లేకపోతే ఆయనకి అనుమానం వస్తుంది."

పాప బరువు చూసి డాక్టరుగారు ఉప్పొంగిపోయారు. చెప్పిన మాట వింటే పిల్లలు ఇలా ఉంటారని చిన్న డాక్టర్లందరినీ పిలిచి చూపించారు. ఆ డబ్బా పాలు తాగుతున్నది పాప తండ్రి! ఆయన మొహం కూడా కొబ్బరిబొండంలా తయారైంది.

అయితే ఆ రోజు ఆమె వచ్చింది వేరే పని మీద. నిన్నటి నుంచి చనుమొన చిట్లి నెత్తురు వస్తోంది. ఆ వైపు పాలు ఆపాలా? పాపకు పరీక్ష చేయించాలా?

సంతోషంలో ఉన్నారేమో, డాక్టరుగారు మొట్టమొదటిసారి ఆమె వైపు తిరిగి అడిగారు.

"నీకేమైనా ఇబ్బందిగా ఉందామ్మా?"

ఆమె చేతిలోని సీసా వంక చూసుకుంది.

"ఏం లేదండీ."

మరి ఏమంటుంది? అలా అనడం నేర్పింది ఆయనేగా!