జబ్బార్ అతికించిన కుర్చీ

ఆ రోజు పొద్దున అబ్దుల్ జబ్బార్ వేసుకున్న పథకం చాలా చిన్నది. గురజాలలో తన వడ్రంగి కొట్టు ముందు, తాను అతికించిన కుర్చీని నీడన పెట్టాలి. సాయంత్రం సినిమా హాలు యజమాని త్రికోటేశ్వరరావు వచ్చి అందులో ఒక్కసారి కూర్చుని చూస్తే, హాలు కుర్చీల మరమ్మతంతా తనకే దక్కుతుంది.

ఆ కుర్చీలకు ఇదివరకు మేకులు కొట్టింది పక్క కొట్టు మస్తానయ్య. మేకుల తలలు పైకి లేచి ప్రేక్షకుల పంచెలు చించుతుంటే యజమానికి విసుగెత్తింది. జబ్బార్ గుంటూరు నుంచి రెండు గొట్టాల్లో వచ్చే జిగురు తెప్పించి, రెండూ కలిపి, ఒక్క మేకు లేకుండా ఈ కుర్చీ కాళ్లు అతికించాడు. ఇనప కుర్చీలు వచ్చాక అతనికి పనే తగలడం లేదు. ఇదీ పోతే దాచేపల్లి పోయి క్వారీలో రాళ్లు మోయాల్సిందే.

"జిగురుతో కుర్చీ నిలబడిద్దా? కాయితం సంచీ అనుకున్నావా?" అంటూ మస్తానయ్య టీ గ్లాసుతో వచ్చాడు.

జబ్బార్‌కు పౌరుషం పొడుచుకొచ్చింది. "కూచో మామా. కూచుని మాట్లాడు."

మస్తానయ్య మంచి భారీ మనిషి. కూర్చున్నాడు, ఊగాడు, లేచి మళ్లీ దబ్బున కూలబడ్డాడు. కుర్చీ కిమ్మనలేదు. జబ్బార్ అక్కడితో ఆగి ఉంటే మనకీ కథే లేదు.

టీకి ఆగిన సిమెంటు లారీ జనాన్ని కేకేశాడు. వాళ్లు వంతులేసుకుని కూర్చున్నారు. మిరపకోతలకు పోయే కూలీలు వింత చూడ్డానికి ఆగి కూర్చున్నారు. ఎదురింటి కొండమ్మ మజ్జిగ కుండ ఒళ్లో పెట్టుకుని మరీ కూర్చుంది.

"మా ఇంట్లో మంచం కంటే గట్టిగా ఉందయ్యా!" అంది.

జబ్బార్ భార్య జరీనా గుమ్మంలోకి వచ్చింది. "ఏందయ్యా ఈ సంత? తీగని ఒక్కసారి వంచితే ఏం కాదు. వంచుతానే ఉంటే తెగదూ? లోపల పెట్టు."

"నీకేం తెలుసే? ఎంతమంది కూచుంటే అంత పేరు!"

మధ్యాహ్నానికి కుర్చీ కిర్రుమంది. జబ్బార్ గట్టిగా దగ్గి ఆ చప్పుడు కప్పేశాడు. అది కిర్రుమన్నప్పుడల్లా దగ్గాడు. పాపం, అతనికి ఏదో పెద్ద జబ్బే చేసిందని వీధిలో పుకారు పుట్టింది. కొండమ్మ శొంఠి కషాయం తెచ్చింది. మిగతావాళ్లు పరామర్శకు వచ్చారు. వచ్చినవాళ్లకు వేయడానికి కొట్టులో ఇంకో కుర్చీ లేదు.

సాయంత్రం త్రికోటేశ్వరరావు తెల్లటి పంచె సర్దుకుని నెమ్మదిగా కూర్చున్నాడు. నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకు పోయాయి. యజమాని నేల మీద ఉన్నాడు. జబ్బార్‌కు కళ్ల ముందు రాళ్లగుట్టలు కనిపించాయి. జరీనా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మస్తానయ్యకు పండగే అయింది. "నే చెప్తానే ఉన్నా బాబుగారూ! పొద్దున నేను కూచున్నా. లారీ జనం కూచున్నారు, మిరపకాయల కూలీలు కూచున్నారు, కొండమ్మ కుండతో కూచుంది, దగ్గుకు పరామర్శంటూ వీధి వీధంతా కూచుంది. మాపటికల్లా ఊడి కూచుంది. ఇదీ జిగురు సంగతి!"

త్రికోటేశ్వరరావు లేవలేదు. కింద కూర్చునే అడిగాడు. "ఇంతమందా? ఒక్క కుర్చీలోనా?"

"ఒట్టు బాబుగారూ. అందరూ దీన్లోనే!"

"ఈ ఊళ్లోకి వీడియోలు వచ్చాక మా హాల్లో ఒక కుర్చీ ఇంతమందిని చూడాలంటే చానా ఏళ్లు పట్టిద్ది. ఆ వచ్చే నలుగురి పంచెలు చిరక్కుండా ఉంటే నాకదే చాలు. జబ్బారూ, రేపొచ్చి మొత్తం అతికించు."

జబ్బార్ సంతోషం పట్టలేక ఏదో అనబోయాడు. ఈసారి నిజంగానే దగ్గొచ్చింది.

అతను అతికించిన కుర్చీలు ఆ హాలు మూతపడేదాకా ఒక్కటీ ఊడలేదు. ఎవరూ కూర్చోని ముందు వరసవైతే జిగురు వాసన కూడా పోలేదు.