కిర్రు కుర్చీ వేలం

ఆ ఉదయం కళ్ళజోళ్ళాయన పెట్టుకున్న పని ఒక్కటే. మామగారు ఊళ్ళో లేని అదను చూసి, ఆయన ఊగుడు కుర్చీని ఇంట్లోంచి దాటించెయ్యాలి.

మామగారు ఉద్యోగమంతా రైలుబండికి గార్డుగా పచ్చజెండా ఊపి రిటైరైన మనిషి. ఊపడానికి ఇక జెండా లేదు కాబట్టి తనే ఊగుతున్నారు. అదీ పెద్దకూతురి ఇంటి హాల్లో, టీవీకి సరిగ్గా అడ్డంగా. తెల్లారుతూనే కిర్రుమని మొదలయ్యే ఆ చప్పుడు, ఆయన కాఫీకి లేచినప్పుడు ఆగి, మళ్ళీ మొదలయ్యేది. అల్లుడన్నవాడు ఈ విషయంలో నోరెత్తడానికి లేదు. ఎత్తితే భార్య రెండు రోజులు మాట్లాడదు. దాన్నైనా భరించవచ్చు గానీ, మూడో రోజు బకాయితో సహా మాట్లాడుతుంది.

మామగారు నిన్ననే చిన్నకూతురి ఇంటికి రైలెక్కారు.

"మీ నాన్నగారి కుర్చీకి పాలిష్ పెట్టిస్తానే. ఆయన వచ్చేసరికి కొత్తదానిలా మెరవాలి," అన్నాడు కళ్ళజోళ్ళాయన.

భార్య ఆయనకేసి కొత్త మనిషిని చూసినట్టు చూసింది. "మా నాన్నంటే మీకింత ప్రేమ ఉందని నాకు తెలీదండీ!"

ఆ మాటకు గుండెలో ఎక్కడో చిన్నగా గుచ్చుకుంది గానీ, అప్పటికే సామాన్ల బండి గుమ్మంలో ఉంది. కుర్చీ నేరుగా ఆయన కళ్ళజోళ్ళ షాపు వెనకగదికి చేరింది. అయినా తనేం పాపం చేస్తున్నాడు? అమ్మగా వచ్చిన దాంతో మామగారికే మెత్తగా, గప్‌చుప్‌గా ఉండే కుర్చీ కొనిపెడతాడు. ఈ సంగతి తనకు తానే చాలాసార్లు చెప్పుకున్నాడు.

ఈ ఐడియా నూరిపోసింది పక్క క్లినిక్కు పళ్ళ డాక్టరు. ఆయన ఈమధ్యే క్లినిక్కులోని విరిగిన బెంచీని ఆన్‌లైన్ వేలంలో అమ్మేసి, ప్రపంచాన్ని జయించినట్టు తిరుగుతున్నాడు.

"మొదటిసారి కదా, నేను చెప్పినట్టు చెయ్," అన్నాడు పళ్ళ డాక్టరు, ఎవరి నోరూ తెరిపించక్కర్లేకుండానే స్టూలు మీద కూర్చుని. "ముందు ఫొటో. తరవాత కథ. వట్టి కుర్చీని ఎవడూ కొనడు, కథను కొంటాడు. ఎందుకు అమ్ముతున్నావని రాస్తావు?"

"చప్పుడు భరించలేక."

"సర్వనాశనం! ఇందులో కూర్చునే పెద్దాయన పోయారని రాయి. జాలిపడి ఎక్కువకి పాడతారు."

"ఛ, నిక్షేపంలాంటి మనిషి!"

"ఆయనకేం తెలుస్తుంది? ఊళ్ళో లేరుగా. అందులో నీ పేరు కూడా కనబడదు."

కళ్ళజోళ్ళాయన ముందూ వెనకా ఆడాడు. చివరికి 'కాలం చేసిన మా పెద్దాయన ఎంతో ముచ్చటగా వాడుకున్న కుర్చీ' అని రాశాడు. రాశాక మరీ ఏకవచనంలో చంపినట్టుందని 'గారు' కూడా తగిలించాడు. కళ్ళజోడు మరలకు వేసే నూనె తెచ్చి కుర్చీ కీళ్ళన్నిటికీ పట్టించాడు. ఊపి చూస్తే చీమ నడిచినంత చప్పుడైనా లేదు. 'శబ్దం అస్సలు రాదు' అని చేర్చి, నాలుగు ఫొటోలు తీసి వేలానికి పెట్టేశాడు.

మధ్యాహ్నం దాకా ఒక్క పాట కూడా రాలేదు. కళ్ళజోళ్ళాయన మొహం వేలాడేశాడు. పళ్ళ డాక్టరుకు తన సలహా అభాసుపాలవుతుందని భయం పట్టుకుంది.

"బోణీ నేను చేస్తా. ఒకడు పాడితే ఇంకొకడు వస్తాడు," అంటూ 'ముత్యం' అనే పేరుతో తనే పాడేశాడు.

నిజంగానే ఇంకొకడు వచ్చాడు. అతని పేరు 'పచ్చజెండా'. పేరులోనే శుభం కనబడుతోందని కళ్ళజోళ్ళాయన సంబరపడ్డాడు. అంతకుమించి ఆయనకు ఇంకేమీ కనబడలేదు. ఊళ్ళో అందరికీ చూపు పరీక్ష చేసే మనిషి మరి.

పచ్చజెండా వస్తూనే ఒక ప్రశ్న పంపాడు: 'కుర్చీ ఊగితే కిర్రుమంటుందా?'

'అస్సలు అనదు. హామీ,' అని కళ్ళజోళ్ళాయన బదులిచ్చాడు.

'అయితే నాకొద్దు. కిర్రుమనే కుర్చీ కోసమే వెతుకుతున్నాను.'

కళ్ళజోళ్ళాయన ఫోనును దూరంగా పెట్టి చదివాడు, దగ్గరగా పెట్టి చదివాడు. అక్షరాలు మారలేదు. వచ్చిన ఒకేఒక్క బేరం చేజారిపోతోంది. 'క్షమించాలి, మొహమాటానికి దాచాను. బ్రహ్మాండంగా కిర్రుమంటుంది,' అని ఆదరాబాదరాగా రాసి పంపాడు. వెంటనే పాట పెరిగింది.

ఇప్పుడు కుర్చీకి పోయిన గొంతు తెప్పించాలి. ముందు గుడ్డతో నూనె తుడిచారు. తరవాత అద్దాలు తుడిచే స్పిరిటు పోశారు. కుర్చీ నోరు మెదపలేదు. మరలు బిగించారు, వదులు చేశారు, బలపం పొడి చల్లారు. ఇన్నాళ్ళూ ఏ చప్పుడు ఆగాలని కళ్ళజోళ్ళాయన కోరుకున్నాడో, ఆ చప్పుడు కోసం కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చెవి ఆనించి ఎదురుచూశాడు. ఆఖరికి పళ్ళ డాక్టరు క్లినిక్కుకు పరిగెత్తి, పళ్ళు అరగదీసే మిషను పట్టుకొచ్చాడు.

"కొంచెం జివ్వుమంటుంది, ఓర్చుకోవాలి," అన్నాడు కుర్చీతో, అలవాటు కొద్దీ.

కీళ్ళు గరుకుగా అరిగాక కుర్చీ నోరు తెరిచింది. అయితే ఇప్పుడు ముందుకు ఊగితే కిర్రు, వెనక్కి ఊగితే కుయ్యో.

"ఒకటడిగితే రెండిస్తున్నాం," అని పళ్ళ డాక్టరు చెమట తుడుచుకున్నాడు.

అంతలో పచ్చజెండా మళ్ళీ రాశాడు: 'ఫొటోలో కుర్చీ చెయ్యి మీదున్న కళ్ళజోడు కూడా ఇస్తారా?'

కళ్ళజోళ్ళాయన ఫొటో పెద్దది చేసి చూశాడు. ఒక కాడ నల్లది, ఇంకో కాడ గోధుమరంగుది. మామగారు బిగించి ఉంచమని ఇచ్చి వెళ్ళిన పాత కళ్ళజోడు! బిగిస్తూ బిగిస్తూ అక్కడ పెట్టి మరిచిపోయాడు. కానీ బేరం మంచి ఊపు మీదుంది. మామగారికి కొత్త కుర్చీతో పాటు కొత్త కళ్ళజోడు కూడా ఇచ్చేస్తే సరి. 'తప్పకుండా. అది కూడా పోయినాయనదే. ఉచితం,' అని రాసేశాడు.

'పాపం. ఎలా పోయారు?'

"ఏమని రాయను?" అని కళ్ళజోళ్ళాయన అడిగాడు.

"నిద్రలో అని రాయి. ఎవరికీ బాధ ఉండదు," అన్నాడు పళ్ళ డాక్టరు. ఆయన కళ్ళు మాత్రం వేరే చోట ఉన్నాయి. పచ్చజెండా తనను మించిపోవడం ఆయనకు నచ్చలేదు. ఠక్కున ఇంకాస్త పెంచి పాడాడు. అవతలివాడూ పెంచాడు. ఈయన మళ్ళీ పెంచాడు.

"ఇక ఆపు! నువ్వు గెలిస్తే మొత్తం నాశనమే," అని కళ్ళజోళ్ళాయన చెయ్యి పట్టుకున్నాడు.

"వాడెవడోయ్ నన్ను దాటడానికి? కుర్చీ నాకే కావాలి!"

"నీ క్లినిక్కులో పైకీ కిందికీ కదిలే కుర్చీ ఉంది కదయ్యా!"

ఫోను లాక్కుని కళ్ళజోడు పెట్టెలో దాచాక గానీ ఆయన శాంతించలేదు. వేలం ముగిసింది. పచ్చజెండా గెలిచాడు. ఆదివారం ఉదయం తనే వచ్చి, డబ్బు చేతికిచ్చి కుర్చీ తీసుకెళ్తానన్నాడు. కళ్ళజోళ్ళాయన షాపు అడ్రసు పంపాడు.

ఆదివారం మిత్రులిద్దరూ కుర్చీని షాపు మధ్యలో పెట్టి, చెయ్యి మీద కళ్ళజోడు అలంకరించి, గుమ్మంకేసి చూస్తూ నిలబడ్డారు. తలుపు తోసుకుని మామగారు లోపలికొచ్చారు. వెనకే ఆయన సంచి మోసుకుంటూ భార్య వచ్చింది. ఆ మొహం చూస్తే ఈసారి మూడో రోజు దాకా ఆగేలా లేదు.

మామగారు నేరుగా వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు. పాత కళ్ళజోడు పెట్టుకున్నారు. ఒకసారి ఊగారు.

"కిర్రు సరే. ఈ కుయ్యో ఎక్కడిది అల్లుడుగారూ?"

కళ్ళజోళ్ళాయన రెండడుగులు వెనక్కి వేశాడు. "అంటే... మీరు... పచ్చజెండా..."

"నేనే. నిద్రలో పోయిన పెద్దాయన్ని కూడా నేనేనటగా. ఆ ముత్యం ఎవడో తెలిస్తే బాగుండు. నన్ను తెగ ఏడిపించాడు."

పళ్ళ డాక్టరు చప్పున గోడకేసి తిరిగి, చూపు పరీక్ష పటంలోని అక్షరాలు పైనుంచి కిందికి గట్టిగా చదవడం మొదలుపెట్టాడు.

"పాలిషన్నారు! ప్రేమన్నారు! మా నాన్నని చంపి కుర్చీ అమ్ముకుంటారటండీ?" అని భార్య సంచి నేలకేసి కొట్టింది.

"ఉండమ్మా," అన్నారు మామగారు. "చెల్లాయి ఇంట్లో ఆ మెత్తటి సోఫాలో నడుం నిలవక, ఇలాంటి కుర్చీ ఏదైనా దొరుకుతుందేమోనని ఫోనులో వెతికాను. నా కళ్ళజోడుతో సహా నా కుర్చీయే కనబడింది. ముందు నవ్వొచ్చింది. తరవాత భయమేసింది అల్లుడుగారూ. కుర్చీ తీసేశారంటే, ఇక ఆ ఇంట్లో నేనెక్కడ కూర్చోవాలి? ఎవడో పాడేసుకుంటాడేమోనని ఫోను కింద పెట్టలేదు."

పళ్ళ డాక్టరు పటం చదవడం ఆపేశాడు.

"మరి ఆ చప్పుడు..." అని కళ్ళజోళ్ళాయన నసిగాడు.

"చప్పుడు నాకు తెలీదా? నాకూ చిరాకే. కానీ అది వినబడుతున్నంతసేపూ నేను బాగానే ఉన్నానని అమ్మాయి వంటింట్లో నిశ్చింతగా పని చేసుకుంటుంది. ఆగితే చేతిలో గరిటెతో పరిగెత్తుకొస్తుంది. అందుకే నూనె వెయ్యనివ్వలేదు."

కళ్ళజోళ్ళాయనకు సిగ్గుతో తల ఎత్తాలనిపించలేదు. ఇన్నేళ్ళుగా తను తిట్టుకున్నది ఈ చప్పుడునా? మామగారి చేతులు పట్టుకుని, "తప్పైపోయింది మామయ్యగారూ. కుర్చీ ఇప్పుడే ఇంటికి చేరుస్తాను. టీవీకి ఎదురుగానే వేస్తాను," అన్నాడు. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు.

ఆ తరవాత వేలంవాళ్ళు తమ కమీషను కట్టమని సందేశం పంపారు. కళ్ళజోళ్ళాయన ఆ సందేశం చూపించి, "మామయ్యగారూ, మీరు పాడిన డబ్బు..." అన్నాడు.

"పోయినవాడి దగ్గర డబ్బెక్కడుంటుంది అల్లుడుగారూ?" అన్నారు మామగారు.

బండి మాట్లాడి కుర్చీని ఇంటికి చేర్చారు. మర్నాడు తెల్లారుతూనే హాల్లోంచి కిర్రు, కుయ్యో మొదలయ్యాయి. వంటింట్లో భార్య హాయిగా గిన్నెలు సర్దుకుంటోంది. కళ్ళజోళ్ళాయన మంచం మీదే దిండు కింద తలదూర్చి ఫోను చూశాడు. అమ్మినవారి మీద కొన్నవారి అభిప్రాయం వచ్చి ఉంది.

'కుర్చీ చెప్పినదానికంటే ఎక్కువే అరుస్తోంది. పోయిన పెద్దాయన కూడా కులాసాగానే ఉన్నారు.'