అలుగా, పిడా?

పిడి మాత్రం మార్చి, కోసే భాగాన్ని, అంటే అలుగును, అలాగే ఉంచేస్తే? అప్పుడది సగం మామగారి కత్తి, సగం నా కత్తి అవుతుంది. సగం కత్తితో గడ్డం గీసుకునేవాణ్ణి సగం అల్లుడంటారేమో. పోనీ ఏదీ మార్చకుండా మరకలు తీసి, మెరుగు పెట్టి, తయారైన రోజున ఎలా ఉండేదో అలా చేస్తే? కానీ ఆ రోజున అదెలా ఉండేదో నేను చూడలేదే. చూడనిదాన్ని తిరిగి తేవడం సాధ్యమా? సాధ్యమైతే అది తేవడమా, కల్పించడమా?

"టీ చల్లారిపోయింది," అంది మ్యూరియల్.

"ఆలోచిస్తున్నాను."

"తెలుస్తూనే ఉంది. నీ ఆలోచనకి చల్లారని టీ ఈ ఇంట్లో లేదు."

నవ్వకండి. మీ ఇంట్లో మడత కత్తి లేదు కాబట్టి మీకు నవ్వులాటగా ఉంది. మా మామగారు జాబెజ్ బతికినంత కాలం షెఫీల్డ్‌లో సానరాయి ముందు కూర్చుని, ఇలాంటి గడ్డం కత్తులకు పదును పెట్టినవాడు. కిందటి చలికాలంలో ఆయన పోయాక అత్తగారు ఎఫీ ఆయన కత్తిని తెచ్చి నా చేతిలో పెట్టింది. "దాచుకోవడానికి కాదబ్బాయ్, గీసుకోవడానికి," అంది. నాకు యాభై ఎనిమిదేళ్ళు. ఆవిడ లెక్కలో ఇంకా అబ్బాయినే.

గీసుకుందును. కానీ ముందు ఒక సంగతి తేలాలి కదా. దాని కొమ్ము పిడి కాస్త వంగింది, అక్కడక్కడ పురుగు కొరికిన గుంటలున్నాయి. దాన్ని బాగుచేయించాలా, తీసేసి నా అభిరుచికి తగ్గట్టు కొత్తది వేయించాలా?

పక్కింటి సిరిల్ది ఒకే మాట. "మార్చెయ్ రెజ్! వాల్‌నట్ చెక్క, ఇత్తడి పువ్వులు, మధ్యలో నీ పేరు పొడి అక్షరాలు!" వీధిలో అందరూ అతణ్ణి పిడుల సిరిల్ అంటారు. పారకీ, గొడుగుకీ, చివరికి వాళ్ళావిడ పెనానికీ తన చేత్తో పిడి మార్చాడు. ఆ పెనం పిడి మొదటి గుడ్డుకే అంటుకుంది. పిడి కాలింది గానీ గుడ్డు వేగలేదు.

ఇలా నేను రెండు పక్షాలూ తూస్తూ, కరెంటు షేవరుతో గడ్డం గీసుకుంటూ ఉండగా వేసవి వచ్చేసింది.

ఆ గురువారం మ్యూరియల్ ఫోను పెట్టేసి నా ఎదురుగా కూర్చుంది. కత్తికి ఉండేది అలుగు, నా భార్యకు ఉండేది అలక. రెండూ మడిచి ఉన్నంతసేపే మనకు క్షేమం.

"అమ్మ ఆదివారం భోజనానికి వస్తోంది. నువ్వింకా ఆ కత్తితో గీసుకోకపోతే పట్టుకెళ్ళి పెర్సీకి ఇచ్చేస్తుందట."

పెర్సీ అంటే మ్యూరియల్ చెల్లెలి మొగుడు. రాథరామ్‌లో ఉంటాడు.

"పెర్సీకి గడ్డం ఉంది!" అన్నాను.

"అందుకే. వాడికి గీయడానికి ఏదో ఒకటి ఉంది. నీకు తేల్చడమే తప్ప గీయడం లేదు."

నేను నవ్వబోయాను. ఆమె నవ్వలేదు.

"మా నాన్నది అంటూ ఈ ఇంట్లో ఉన్నది అదొక్కటే రెజ్. అది రాథరామ్ వెళ్ళిందనుకో, నీ వెనకాలే నీ షేవరూ వీధిలోకి వెళ్తుంది."

అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. విప్పేసిన కత్తితో గీసుకోమని ఎవరూ అనరు. విప్పేసిన కత్తిని తిరిగి ఇచ్చెయ్యమనీ అనరు. పని నడుస్తోంది అంటే చాలు, ఎఫీ కూడా ఆగాల్సిందే. ఈ లోపు నిదానంగా తేల్చుకోవచ్చు. శుక్రవారం షెడ్డు తాళం తీసి, రివిట్ల తలలు ఆకురాయితో అరగదీసి, పిడిని విడదీశాను. అలుగు ఒక పక్క, రెండు కొమ్ము బద్దలు ఒక పక్క. కొమ్ము మీద కూడా ఆకురాయి తగిలిందేమో, షెడ్డంతా కాలిన గిట్టల వాసన. ఆ వాసన నాకు కంపు. మా కుక్క బిషప్‌కి మాత్రం విందుకు పిలుపు.

గోడ అవతలి నుంచి సిరిల్ పిలిచాడు. ఇత్తడి పువ్వులు నాలుగు రేకులవి కావాలా, ఐదు రేకులవి కావాలా అని. అది తేలడానికి ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. నేను తిరిగొచ్చేసరికి బల్ల మీద ఒక్క బద్దే ఉంది.

బిషప్ గుమ్మంలో పడుకుని, ప్రార్థనలో ఉన్నట్టు కళ్ళు మూసుకుని నములుతోంది. నేను అరిచాను. అది లేచింది. అది ముందూ నేను వెనకా మా వాక్లీ కొండ దిగి, సందు దాటి, మళ్ళీ కొండ ఎక్కాం. ఎక్కేటప్పటికి దాని నోట్లో ఏమీ లేదు. నా ఛాతీలో ఊపిరి లేదు.

వాకిట్లో మ్యూరియల్ నిలబడి ఉంది.

"పిడేగా పోయింది," అన్నాను రొప్పుతూ. "నాన్నగారి కత్తి భద్రంగా ఉంది."

"నాన్న కత్తా? అలుగు నాన్నది. పిడి ఎవరిదనుకున్నావ్?"

"ఏదో ఎద్దుది."

"అమ్మది! కార్ఖానాలో మగవాళ్ళు సానపట్టేవాళ్ళు, పక్క గదిలో ఆడవాళ్ళు పిడులు బిగించేవాళ్ళు. నాన్న తన కోసం దాచుకున్న అలుగు పట్టుకెళ్ళి అమ్మ ముందు పెట్టి, 'దీనికో పిడి వేస్తావా' అన్నాడు. ఆయన పెళ్ళి మాట ఎత్తింది అలాగే. నువ్వేమో నాన్నని ఉంచి అమ్మని మార్చాలా వద్దా అని ఇన్నాళ్ళూ సిరిల్‌తో మంతనాలు!"

"నాకెవరు చెప్పారు?"

"నువ్వెవర్ని అడిగావు? ఇప్పుడు చూడు, సగం అమ్మ కుక్క కడుపులో ఉంది." ఆమె దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. "నిజం చెప్పు. నీకు బాగుచేయడమూ వద్దు, మార్చడమూ వద్దు. ఆ కత్తి తయారైతే మెడ మీద పెట్టుకోవాలి. అదీ నీ భయం."

బిషప్ కొమ్ము నమిలితే నేను నీళ్ళు నమిలాను.

ఆ రాత్రి నాతో నేను వాదించుకున్నాను. తేల్చుకోలేకపోవడం నాకొక గదిలాంటిది. అందులో కుర్చీ ఉంది, టీ ఉంది, తలుపుకు గడియ ఉంది. మనిషి ఆ గదిలో ఆలోచిస్తున్నట్టు కనిపిస్తాడు. నిజానికి దాక్కుని ఉంటాడు. ఈ సంగతి నాకు ముందే తెలుసు. మ్యూరియల్‌కి కూడా తెలుసు అన్నదొక్కటే కొత్త.

ఆదివారం ఎఫీ వచ్చింది. ముందు మా ఊరి ఆనవాయితీగా గ్రేవీ పోసిన ఉప్పటి పుడ్డింగు, తరవాత మాంసం, బంగాళాదుంపలు. ఎవరూ కత్తి ఊసెత్తలేదు. ఎత్తితే బాగుండునని కూడా అనిపించింది. భోజనమయ్యాక ఆవిడ టీ కప్పు పట్టుకుంది. సాసరు మీద కప్పు గలగలలాడింది. ఎనభై దాటిన చేతులు.

"ఏదబ్బాయ్, కత్తి?"

"అత్తయ్యా, ఇందులో రెండు పక్షాలున్నాయి. ఒకటి, ఉన్నదాన్ని ఉన్నట్టు..."

"కత్తేదీ?"

పళ్ళెంలో తెచ్చి పెట్టాను. అలుగు, ఒంటరి బద్ద, అరిగిన రివిట్లు. నేను తల వంచుకున్నాను. ఆవిడ అరవలేదు. చేతిసంచీ తెరిచి, రుమాల్లో చుట్టిన బుల్లి సుత్తీ, రివిట్లూ, తేనె రంగు కొమ్ము బద్దా తీసింది.

నేను మ్యూరియల్ వైపు చూశాను. మ్యూరియల్ బంగాళాదుంపల వైపు చూసింది.

"ఎప్పుడు ఫోన్ చేశావు?"

"నువ్వు షెడ్డు తాళం తీస్తున్నప్పుడు."

"అప్పటికి కుక్క తినలేదుగా!"

"కుక్క సంగతి నాకేం తెలుసు? నీ సంగతి తెలుసు."

ఎఫీ ఇస్త్రీపెట్టెను తిరగేసి, దాని మీద పెట్టి టింగు టింగుమని రివిట్లు కొట్టింది. కత్తి మళ్ళీ కత్తయింది. పిడి ఒక పక్క పాత నలుపు, ఇంకో పక్క కొత్త తేనె రంగు.

"అత్తయ్యా, దీన్ని బాగుచేసినట్టనుకోవాలా, మార్చినట్టనుకోవాలా?" ఉండబట్టలేక అడిగాను.

"కత్తి అనుకో. కూర్చో."

"నేనే గీసుకుంటాను, రేపు..."

"నువ్వు గీసుకుంటే నా కూతురు విధవవుతుంది. మీ మామకి చేతులు ఆడనన్నాళ్ళూ నేనే గీశాను. ఇవాళ చూసి నేర్చుకో, రేపు నువ్వు గీసుకుందువు గాని. వద్దంటే చెప్పు, ఆరు గంటల బస్సుకి రాథరామ్ పోతాను."

కుర్చీ కిటికీ దగ్గరికి లాగారు. మ్యూరియల్ నా మెడ చుట్టూ తువ్వాలు చుట్టి, నా భుజం మీద చెయ్యి వేసి వదిలెయ్యకుండా ఉంచింది. ఎఫీ తోలు పట్టీ మీద కత్తిని అటూ ఇటూ తిప్పింది. సబ్బు నురగ చెవుల దాకా వచ్చింది. ఆవిడ నా గడ్డం పట్టుకుంది, బతిమాలడానికి మాత్రం కాదు.

"పైకి," అంది.

ఇంకా అడగవలసినవి చాలా ఉన్నాయి. ఏ వైపు నుంచి మొదలుపెడతారు, మధ్యలో తుమ్ము వస్తే ఏం చెయ్యాలి, బస్సు నిజంగా ఆరింటికేనా అని.

నేను కళ్ళు మూసుకుని, గడ్డం పైకెత్తాను.