నలభై అయిదు డిగ్రీల దోబ్రి

ఇలా రా, పొయ్యి దగ్గరకు జరుగు. ముందు ఆ తలుపు వెయ్యి, చలిగాలి వీపుకు తగిలితే నాకు కథ రాదు, దగ్గు వస్తుంది. మా పక్కింటి దోబ్రి పోయిన వసంతంలో పెరుగు కాబోయి తప్పించుకున్న సంగతి చెబుతాను.

దోబ్రి భార్య వెలికా మోకాళ్ల నొప్పులకని వెలింగ్రాద్ వేడినీటి స్నానాలకు పది రోజులు వెళ్లింది. వెళ్తూ వెళ్తూ కోడలు రలిత్సా చేతిలో ఒక గాజు సీసా పెట్టింది. అందులో గరిటెడు తోడు.

"మా నాయనమ్మ కాలం నాటిది. పెళ్లినాడు ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నా. గెర్గ్యోవ్‌దెన్ పండక్కి వస్తా. నేనొచ్చేసరికి ఇది బతికుండాలి. ఆయన సంగతి తర్వాత," అంది.

రలిత్సా పట్నం పిల్ల. మంచిదే, కానీ వేలిని నమ్మదు. మా అత్తగారి రోజుల్లో కాచిన గొర్రెపాలలో చిటికెన వేలు ముంచి, మూడు లెక్కపెట్టేదాకా ఓర్చుకోగలిగితే తోడు వేసేవాళ్లం. కుండను ఉన్ని దుప్పటిలో చుట్టి, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు ఒక మూల పెట్టేవాళ్లం. అది తోడుకునేదాకా తలుపు గట్టిగా వేసినవాళ్లకు మా అత్త చేతి చెంచా దెబ్బ ఖాయం. ఆవిడ పోయి ముప్పై ఏళ్లయినా, ఎక్కడైనా తలుపు దడాలుమంటే నా భుజం దానంతట అదే ముడుచుకుంటుంది.

రలిత్సా మాత్రం పెరుగు తోడుపెట్టే పెట్టె కొంది. అదే అంగట్లో మామగారి నడుం నొప్పికి కరెంటు దుప్పటి కూడా కొంది. రెండింటి వేడినీ ఫోన్లోనే చూసుకోవచ్చు, అక్కడినుంచే పెంచవచ్చు. బ్లూటూత్ అట, పెరట్లో గొర్రెల దొడ్డిదాకా అందుతుంది. యాప్‌లో రెండింటికీ ఒకటే పేరు, చివర ఒక్క అంకె తేడా.

పండగ రెండు రోజులుందనగా, పొద్దున్నే పాలు కాచి, సీసాలో ఉన్న తోడంతా వేసేసి, పెట్టె మూత పెట్టి, ఫోన్లో నలభై మూడు నొక్కి పాలు పితకడానికి దొడ్డికి వెళ్లింది. వంటింట్లో మంచం మీద దోబ్రి కరెంటు దుప్పటి కప్పుకుని కునుకు తీస్తున్నాడు.

గంటకల్లా కేక వినిపించింది. "అమ్మాయ్, ఒళ్లు కాలిపోతోంది."

రలిత్సా వచ్చి నుదురు పట్టుకు చూసింది. "జ్వరం మామయ్యా. చెమట పడితే అదే పోతుంది."

"ఆ కిటికీ తియ్యి."

"గాలి కొట్టి మంచాన పడతారు. గడ్డందాకా కప్పుకోండి."

పైన ఇంకో రెండు ఉన్ని దుప్పట్లు కప్పింది. వెనిగర్‌లో తడిపిన మేజోళ్లు తొడిగింది. కంచె మీదుగా నన్ను పిలిచింది. నేను ప్లమ్ పళ్ల సారా పట్టుకెళ్లాను. సగం ఆయన ఛాతీకి రాశాం, మిగతా సగం ఆయనే లోపలికి రాసుకున్నాడు.

ఈలోగా రలిత్సా పెట్టె తెరిచి పాల జాడీని తాకి చూసింది. "గాంకా పిన్నీ, ఫోను నలభై మూడంటోంది, జాడీ చల్లబడిపోతోంది. తోడు చచ్చిపోతే అత్తయ్యకి మొహం ఎలా చూపించను?"

"వేలు పెట్టి చూడవే."

"వేలికి అంకెలుంటాయా పిన్నీ," అని నలభై అయిదు నొక్కింది.

పది నిమిషాలకు దోబ్రి మొహం ఉడికిన బీట్‌రూట్ అయింది. రలిత్సా చెయ్యి పట్టుకున్నాడు.

"నేను పోతున్నాను అమ్మాయ్. ఒక మాట చెప్పి పోతా. ఆ తోడు మీ అత్త నాయనమ్మది కాదు."

"మరి?"

"పెద్ద మంచు పడ్డ ఏడు. మీ ఆయన్ని కనడానికి వెలికా పట్నం ఆసుపత్రికి వెళ్లింది. నేను తోడు కుండకు మూత పెట్టడం మరిచా. కుక్క అడుగుదాకా నాకేసింది. సీసా పట్టుకుని ఈవిడ గుమ్మంలో నిలబడ్డా."

నేను పొయ్యి వైపు చూశాను. నిజమే. కంచె మునిగేంత మంచు, మోకాళ్లదాకా తడిసిన పడుచు దోబ్రి, చేతిలో ఖాళీ సీసా. తోడిచ్చాను, నోరు మూసుకుంటానని మాటిచ్చాను. నలభై ఏళ్లు నిలబెట్టుకున్నాను. నాలాంటిదానికి అది చిన్న విషయం కాదు.

మెడ మీది చెమట తుడుద్దామని దుప్పట్లు తొలగిస్తే నా చేతికి తీగ తగిలింది. వేడిగా ఉంది. పట్టుకుని లాగితే గోడలోని ప్లగ్గు ఊడింది. ఆ క్షణమే రలిత్సా ఫోను కీచుమంది. పరికరం అందడం లేదట.

ఆ పిల్ల ఫోనును చూసింది, దీపమైనా వెలగని పెట్టెను చూసింది, చివరికి మామగారిని చూసింది.

"మామయ్యా, నేను తోడుపెట్టింది మిమ్మల్ని."

"అయితే నేను పోవడం లేదా?"

"లేదు."

"ఆ మాటేదో ముందే చెబితే నా నోరు నేను మూసుకునేవాణ్ని కదా."

"కంగారు పడకే, ఇది పోతే దీని తల్లి మా ఇంట్లో ఉంది," అని రలిత్సాతో చెప్పి, జాడీని వేడినీళ్లలో నిలబెట్టాను. ఈసారి ఆ పిల్లే చిటికెన వేలు ముంచింది. ఒకటి, రెండు, మూడు. దోబ్రి మీది ఉన్ని దుప్పటి లాగి జాడీకి చుట్టాం. మధ్యాహ్నమంతా ఆ ఇంట్లో ముగ్గురం మునివేళ్ల మీద నడిచాం. సాయంత్రానికి చెంచా నిలబడే పెరుగు తోడుకుంది.

పండగనాడు వెలికా వచ్చింది. సంచి కూడా దించకుండా ఒక చెంచా నోట్లో వేసుకుని కళ్లు మూసుకుంది. "మా నాయనమ్మ చేతి రుచి," అంది. తర్వాత నా వైపు జాలిగా చూసింది. "ఏమీ అనుకోకు గాంకా, నీ తోడుకి ఎన్నేళ్లయినా ఈ రుచి రాదు."

దోబ్రి దగ్గాడు. రలిత్సా పళ్లేలు సర్దడానికి లేచింది. నేను ఇంకో చెంచా వేసుకున్నాను.

ఇది గుర్తుపెట్టుకో, నేను లేనప్పుడు నలుగురికీ చెప్పు. వెలికా ఇంటి కిటికీ తెరిచి ఉంటే మాత్రం వాతావరణం గురించి మాట్లాడు.